ప్రభుత్వం యార్డు గేటు దగ్గరే ఆగాలా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గరి పల్లె, మిర్చి వేస్తాం. ధర పడిపోయిన ప్రతిసారీ మా నాన్నగారికీ బాబాయిగారికీ వాదన వస్తుంది. ప్రభుత్వం కొనుగోళ్లలో జోక్యం చేసుకుంటే ఎగుమతిదారులు వెనక్కి తగ్గుతారని నాన్నగారు, గిట్టుబాటు ధర ఇప్పించలేని ప్రభుత్వానికి పన్నులు ఎందుకు కట్టాలని బాబాయిగారు అంటారు. ఎవరి మాట సబబు?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీ ఇంటి వాదన ఈ జిల్లాకు కొత్తది కాదు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహకార సేద్యానికి, అంటే రైతులు భూములు కలిపి ఉమ్మడిగా సాగు చేయడానికి, తీర్మానం చేసినప్పుడు, దాన్ని వ్యతిరేకిస్తూ పుట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైనది నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగాగారే. పక్కనే విజయవాడ కేంద్రంగా పనిచేసిన కమ్యూనిస్టులు భూమి పంచాలనీ, ప్రభుత్వమే పూనుకోవాలనీ కోరారు. ఇరుపక్షాలూ రైతు పేరు మీదే మాట్లాడాయి.

మీ నాన్నగారి భయం నిరాధారం కాదు. తేజ రకం మిర్చి ధర చాలావరకు చైనా వంటి దేశాల కొనుగోళ్లను బట్టి నడుస్తుంది కాబట్టి, బయట పలకని ధరను ఇక్కడ నిర్ణయిస్తే టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీల్లో మిగిలిపోతాయి. అయితే ప్రభుత్వం దూరంగా ఉండాలన్న మాట మాత్రం నిలవదు, ఎందుకంటే అది ఇప్పటికే మిర్చి అమ్మే మార్కెట్ యార్డులో ఉంది: మార్కెట్ సెస్సు వసూలు చేస్తోంది, రైతు కొనే పురుగుమందుపై 18 శాతం జీఎస్టీ తీసుకుంటోంది. బాబాయిగారి కోపానికి మూలం అక్కడే ఉంది. మద్దతు ధర పంటల జాబితాలో మిర్చి లేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ధర పడినప్పుడు ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది గానీ, అప్పటికే సరుకు యార్డుకు వస్తోంది. అప్పు తీర్చవలసిన కౌలు రైతు ప్రకటన వచ్చేదాకా కాయలను కల్లంలో ఉంచుకోలేడు. చేతిలో కౌలు పత్రం లేకపోతే ఆ సాయం అందడమూ కష్టమే.

నా మొగ్గు ఎటో దాచను. ధర పడ్డాక ఆదుకోవడం కన్నా, విత్తనం వేయకముందే నియమాలు తెలియడం రైతుకు మేలు. అందుకు ఉదాహరణ గుంటూరులోనే ఉంది. 1976లో ఇక్కడ ఏర్పడిన పొగాకు బోర్డు సాగుదారులను నమోదు చేసుకుని, ఎంత పండించాలో ముందే చెప్పి, తన వేలం కేంద్రాల్లో అందరి ఎదుటా పాట జరిపిస్తుంది. అది కూడా ధరకు హామీ ఇవ్వదు, అక్కడి రైతులూ నష్టపోయిన ఏళ్లున్నాయి. అయినా ఏ బేలుకు (పొగాకు మూటకు) ఎంత పలికిందో దాచడానికి వీలుండదు. మిర్చికి ఆ పద్ధతిని యథాతథంగా తేలేం, ఎందుకంటే ఈ పంటను ఎంతమంది, ఎక్కడెక్కడ వేస్తారో ముందే కట్టడి చేయడం తేలిక కాదు. సాగు విస్తీర్ణం, గిడ్డంగుల్లో మిగిలిన నిల్వ ఎంతో జూన్‌లోనే ప్రకటించడం మాత్రం ప్రభుత్వానికి అసాధ్యమైన పని కాదు.

ఈ వాదనలో మీ ఇంట్లోనూ, సభల్లోనూ వినపడని వారు ఇంకొకరున్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఘాటుకు కళ్లు నీరు కారుతుండగా తొడిమలు తీసి తాలుకాయలు ఏరే ఆడవాళ్లకు చేసిన పని తూకాన్ని బట్టే కూలి వస్తుంది. వ్యాపారి కొనడం ఆపిన రోజున ముందుగా పని పోయేది వాళ్లకే. వాళ్ల సంగతి ఏమిటని మీ నాన్నగారినీ, బాబాయిగారినీ కూడా అడగండి.