లాక్‌డౌన్‌లో కొట్టాడు, ఇప్పుడు కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. 2020 లాక్‌డౌన్‌లో మేం హైదరాబాద్‌లో ఉన్నాం. నా భర్తకు జీతం కోత పడింది. ఆ టెన్షన్‌లో రోజూ గొడవే, చాలాసార్లు కొట్టాడు. ఒక రాత్రి 100కి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి మందలించి వెళ్లారు. బస్సులు తిరగగానే బాబుతో పుట్టింటికి వచ్చేశాను. అప్పటి నుంచి పైసా పంపలేదు. దెబ్బల ఫొటోలు అన్నయ్యకు వాట్సాప్ చేశాను, నా ఫోన్ మాత్రం ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను. గడువు దాటింది కాబట్టి గత నెల తెనాలి వచ్చి కొట్టాడని రాసి 498-ఎ (భార్యను హింసించిన భర్తపై క్రిమినల్ కేసు) పెట్టమని ఒకరు చెప్పారు. ఏం చేయాలి?

జవాబు: ఆయన టెన్షన్, మీ ఓర్పు ఈ కేసును తేల్చవు. తేల్చేది తేదీలు. 2020 నాటి దెబ్బలకు వర్తించే పాత ఐపీసీ 498-ఎకు గడువు మూడేళ్లు. కోవిడ్ కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసినా ఆ వెసులుబాటు 2022 ఫిబ్రవరి 28తో ఆగింది. అక్కడి నుంచి లెక్కపెట్టినా 2025 ఫిబ్రవరితో సరి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది గానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి.

అలాగని జరగని దెబ్బను కాగితం మీద పెట్టొద్దు. ఆ రోజు హైదరాబాద్‌లోనే ఉన్నానని ఆయన సెల్ టవర్ రికార్డుతోనో ఆఫీసు హాజరుతోనో చూపిస్తే కేసు పోతుంది. నిజంగా తిన్న దెబ్బల గురించి మీరు చెప్పినా జడ్జి నమ్మరు. పైగా తప్పుడు ఫిర్యాదు నేరం. ఆ సలహా ఇచ్చినవారు బోనులో మీ పక్కన నిలబడరు.

మీ దారి 2005 గృహహింస చట్టం. రక్షణ, భరణం లాంటివి కోరుతూ వేసే సెక్షన్ 12 దరఖాస్తుకు ఆ గడువు వర్తించదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. భార్యాబిడ్డలకు ఖర్చులు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో ఆర్థిక హింసే. మీ విషయంలో అది ఈ నెల కూడా జరుగుతోంది. మీరు ఉంటున్న తెనాలిలోనే మేజిస్ట్రేట్ కోర్టులో వేయవచ్చు.

దెబ్బల ఫొటోలున్న ఫోన్‌ను ఎవరైనా ఎక్స్ఛేంజ్‌లో ఇస్తారా అమ్మా? ఆస్పత్రి చీటీ ఉందో లేదో కూడా రాయలేదు. ఉంటే వెతకండి. ఇప్పుడు మీ ఆధారమంతా అన్నయ్య ఫోన్‌లో ఉంది. ఆ చాట్ డిలీట్ కాకూడదు, ఆ ఫోన్ అమ్మకూడదు. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. అన్నయ్య సాక్షిగా రావాలి. 100 కాల్ వివరాలు, స్టేషన్ డైరీ తెప్పించమని కోర్టును కోరండి. పాత రికార్డులు ఎల్లకాలం ఉంచరు, అందుకే ఈ వారమే కదలండి.

కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే, మీ ఆదాయం ఎంతైనా సరే, మహిళ కాబట్టి ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. దరఖాస్తుతో పాటే సెక్షన్ 23 కింద మధ్యంతర భరణం అడగండి. ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ వేయాలి కాబట్టి బాబు స్కూల్ ఫీజు, మందుల రసీదులు ఇప్పుడే ఒకచోట చేర్చి పెట్టుకోండి.