డాక్టర్ సలహా: మతిమరుపు సరే, బాత్‌రూమ్‌లో పడిన సంగతేమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. సొంతూరు మదనపల్లె. కొన్ని నెలలుగా బెంగళూరు మారతహళ్లిలో మా దగ్గరే ఉంటున్నారు. మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. రక్తం పలుచన చేసే మాత్రలు రెండు, బీపీకి, ప్రోస్టేట్‌కు ఒక్కోటి వాడుతున్నారు. పది రోజులుగా మతిమరుపు బాగా ఎక్కువైంది. వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకోబోతున్నారు. పగలంతా మగతగా పడుకుంటున్నారు. మాట నెమ్మదించింది. పొద్దున లేస్తూనే తలనొప్పి అంటున్నారు. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతోందని కొత్త చెప్పులు కొన్నాం. నెల కిందట బాత్‌రూమ్‌లో పడి తల వెనక బొప్పి కట్టింది గానీ రక్తం రాలేదు, స్పృహ తప్పలేదు. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలతో సర్దుకుంది. ఇప్పటి తలనొప్పికీ అవే వేస్తున్నాం. ఇది అల్జీమర్సా? లేక కొత్త ఊళ్లో తోచక ఇలా అయ్యారా? జ్ఞాపకశక్తికి మంచి మాత్ర ఏదైనా చెప్పండి. స్కాన్ తీయిద్దామంటే రేడియేషన్ అని అమ్మ ఒప్పుకోవడం లేదు. ఇంకొకటి: మా నాలుగేళ్ల పాప మంచం మీంచి పడితే ఆ రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అలా చేయడం మంచిదేనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: జ్ఞాపకశక్తికి మాత్ర పేరు నేను రాయను. ఇది చదివిన రోజే నాన్నగారిని న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి తలకు సీటీ స్కాన్ చేయించండి. ఓపీ అపాయింట్‌మెంట్ దొరికేదాకా, శనివారం సెలవు వచ్చేదాకా ఆగకండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

మతిమరుపు గురించి వివరంగా రాసి, పడిన సంగతి ఒక ముక్కలో తేల్చేశారు. నాకు మాత్రం అసలు విషయం అక్కడే కనబడుతోంది. డెబ్బై దాటిన మనిషి, రక్తం పలుచన చేసే మాత్రలు, తలకు దెబ్బ, కొన్ని వారాల తర్వాత కొత్తగా మగత, తలనొప్పి, ఒక పక్క కాలు పట్టు తప్పడం. ఇవన్నీ ఒకచోట చేరితే మేము మొదట అనుమానించేది క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా. అంటే మెదడుకూ దాని పైపొరకూ మధ్య మెల్లగా రక్తం చేరడం. అల్జీమర్స్ పది రోజుల్లో ఇలా ముదరదు, ఏళ్ల మీద నెమ్మదిగా వస్తుంది. పది రోజుల కిందటి దాకా బాగున్న మనిషి ఇప్పుడు ఇలా ఉన్నారంటే దాన్ని వయసు మీద నెట్టేయకూడదు.

కొబ్బరికాయ ఎండేకొద్దీ లోపల కురిడీ చిప్పను వదిలేసి ఆడుతుంది చూడండి, వయసు మీద పడేకొద్దీ మెదడు కూడా అలా కాస్త కుంచించుకుపోయి, పుర్రెకూ దానికీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని దాటి వెళ్లే సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే వాటిలో ఒకటి తెగవచ్చు. ధమని కాదు కనుక రక్తం ధారగా రాదు, ఊరుతుంది. లోపల ఖాళీ ఉంది కనుక మొదట్లో మెదడు మీద ఒత్తిడి పడదు, మనిషి మామూలుగానే తిరుగుతాడు. చేరిన రక్తం చుట్టూ ఒక పొర ఏర్పడి, ఆ పొరలోని బలహీనమైన రక్తనాళాలు మళ్లీ మళ్లీ చెమరుస్తుంటే గడ్డ పెరుగుతూ పోతుంది. మూడు నాలుగు వారాలు తిరిగేసరికి లక్షణాలు బయటపడతాయి. అప్పటికి ఇంట్లో వాళ్లు పడిన సంగతే మరిచిపోయి ఉంటారు. మీరు గుర్తుపెట్టుకుని రాశారు, అంతవరకు మంచి పని చేశారు.

ఇక చెప్పుల విషయం. చెప్పు వదులైందని కొత్తవి కొన్నారు. చెప్పు వదులైతే జారుతుంది, నిజమే. కానీ రెండూ ఒకే రోజు కొన్నవై, ఒకటే జారుతోంటే, అదీ ఆయనకు తెలియకుండా జారుతోంటే, చూడాల్సింది చెప్పును కాదు, కాలిని. ఆ పక్క చేయి కూడా గమనించండి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తడుముకుంటున్నారా, టీ గ్లాసు ఒరుగుతోందా? క్యాబ్ వచ్చేలోపు ఆయన్ని కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని రెండు చేతులూ అరచేతులు పైకి ఉండేలా ముందుకు చాపమనండి. ఒక చేయి మెల్లగా తిరుగుతూ కిందికి దిగితే ఆ సంగతి ఎమర్జెన్సీలో డాక్టరుకు చెప్పండి. చేతులు సమానంగా నిలిచాయి కదా అని మాత్రం ప్రయాణం మానుకోవద్దు.

ప్రశ్న చదివి జబ్బు ఇదే అని తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. ఈ లక్షణాలు రక్తంలో సోడియం తగ్గినా రావచ్చు (బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లలో ఇది అరుదేమీ కాదు), షుగర్ పడిపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, పక్షవాతం వచ్చినా రావచ్చు. అవన్నీ అక్కడ రక్త, మూత్ర పరీక్షల్లో, స్కాన్‌లో చూస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం మీ చేతిలోనే ఉంది. ఎమర్జెన్సీలో ‘మతిమరుపండీ, కాలు లాగుతోందండీ’ అని మొదలుపెట్టకండి. ‘నెల కిందట పడ్డారు, తలకు దెబ్బ తగిలింది, బ్లడ్ థిన్నర్లు వాడుతున్నారు’ అని ముందు చెప్పండి. పక్షవాతం అనుకుని రక్తం ఇంకా పలుచన చేసే మందు పడితే, లోపల ఉన్నది రక్తపు గడ్డే అయినప్పుడు అది ఎటు దారితీస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

నాకు కోపం వచ్చింది నొప్పి మాత్రల దగ్గర. నిజం చెప్పాలంటే రోజూ వస్తుంది. మెడికల్ షాపు అతను మీకు ఏ మాత్ర ఇచ్చాడో మీరు రాయలేదు. చాలాచోట్ల అడగ్గానే చేతిలో పెట్టేది ఐబుప్రొఫెన్ కలిసినదో, డైక్లోఫెనాక్ కలిసినదో. ఇవి రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లను మందగిస్తాయి. నాన్నగారు స్టెంట్ కోసం వాడే రెండు మాత్రలూ (బహుశా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అయి ఉంటాయి) చేసే పని కూడా అదే. అంటే దెబ్బ తగిలిన మనిషికి మూడో మాత్ర చేర్చి రక్తాన్ని మరింత ఆగకుండా చేశారన్నమాట. పైగా ఆస్పిరిన్ గుండెకు చేసే మేలుకు ఐబుప్రొఫెన్ అడ్డుపడవచ్చు, కడుపులో పుండు చేయవచ్చు, ఈ వయసులో కిడ్నీలకూ మంచిది కాదు. ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది: ఆ మాత్ర తలనొప్పిని మూసిపెడుతుంది. పెరుగుతున్న తలనొప్పి మాకు దొరికే మొదటి ఆనవాలు. దాన్ని పూటపూటకూ మాత్రతో నొక్కేస్తే మనిషి మగతలోకి జారేదాకా ఎవరికీ అనుమానం రాదు. తల తిరుగుతోందంటే షాపుల్లో ఇచ్చే కొన్ని మాత్రలైతే వాటంతట అవే మత్తు తెస్తాయి. అప్పుడు మగత దేనివల్లో మాకూ తేల్చుకోవడం కష్టం. తలకు దెబ్బ తగిలాక నొప్పికి ఏదైనా వేయాల్సి వస్తే పారాసిటమాల్ ఒక్కటే, అదీ లివర్ జబ్బు లేనివాళ్లకు, మోతాదు మించకుండా. అది కూడా డాక్టరుకు చూపించేదాకానే గానీ చూపించడానికి బదులు కాదు. మిగతా స్ట్రిప్పులు ఈ రోజే పక్కన పెట్టేయండి. జ్ఞాపకశక్తికని అమ్మే గింకో క్యాప్సూళ్లు లాంటివి కూడా రక్తం పలుచన చేసే మందులతో కలిస్తే రక్తస్రావం పెరగవచ్చన్న అనుమానం ఉంది, వాటి జోలికి పోవద్దు.

అలాగని స్టెంట్ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. అవి ఒక్కసారిగా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. స్కాన్ చూశాక ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలా అన్నది న్యూరోసర్జన్, కార్డియాలజిస్ట్ కలిసి నిర్ణయిస్తారు.

అమ్మగారి భయం గురించి. తలకు సీటీలో పడే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున సహజంగా అందేదే సుమారు 2.4. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి విషయంలో దీని గురించి రెండో ఆలోచన అక్కర్లేదు. మామూలుగా దీనికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు) ఉండదు, పరగడుపున వెళ్లాల్సిన పని లేదు, స్కాన్ నిమిషాల్లో అయిపోతుంది. మూడు నాలుగు వారాల నాటి రక్తం సీటీలో ఒక్కోసారి మెదడు రంగులోనే కలిసిపోయి కనబడుతుంది. అందుకని అవసరమైతే ఎమ్మారై కూడా అడగవచ్చు, అప్పుడు విసుక్కోకండి.

గడ్డ ఉందనే తేలినా భయపడిపోవద్దు. చిన్నదైతే మళ్లీ మళ్లీ స్కాన్ తీస్తూ కనిపెట్టుకుని ఉంటారు. మెదడును నొక్కుతుంటే పుర్రెకు ఒకటి రెండు చిన్న రంధ్రాలు చేసి ఆ పాత రక్తాన్ని బయటికి తీస్తారు. సకాలంలో తీస్తే చాలామందిలో మాట, నడక, తెలివి తిరిగి వస్తాయి. మతిమరుపుకు దారితీసే కారణాల్లో ఇలా నయం చేయగలిగినవి కొన్నే, అందుకే ఇంత తొందరపెడుతున్నాను. కొందరిలో మళ్లీ చేరవచ్చు, ఆ సంగతి సర్జన్ చెబుతారు.

బెంగళూరులో ఎక్కడికి అంటే, హోసూరు రోడ్డులో మెదడు, నరాల జబ్బులు చూసే ప్రభుత్వ ఆసుపత్రి నిమ్‌హాన్స్ ఎమర్జెన్సీ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. అయితే మారతహళ్లి నుంచి సాయంత్రం పూట బయల్దేరితే సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లోనే తెల్లారిపోతుంది. సీటీ, న్యూరోసర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఉంటే అక్కడికే వెళ్లండి. దారిలో ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకపోయినా, వాంతులు మొదలైనా 108కి ఫోన్ చేయండి.

పాప సంగతి. నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టడం వల్ల మేలేమీ లేదు. దెబ్బ తగిలాక మామూలుగా ఆడుకుని, తిని, వాంతులు లేకుండా ఉంటే తన వేళకు పడుకోనివ్వవచ్చు. ఆ మొదటి రాత్రి పక్కన ఒకరు ఉండి, డాక్టరు చెబితే మధ్యలో ఒకటి రెండు సార్లు లేపి, ఎప్పటిలా విసుక్కుని మళ్లీ పడుకుంటోందా అని చూస్తే చాలు. లేపినా లేవకపోతే, మళ్లీ మళ్లీ వాంతి చేసుకుంటే, ముక్కు లేదా చెవి నుంచి నీళ్లలాంటి ద్రవం కారితే, చెవి వెనకో కళ్ల చుట్టూనో నల్లగా కమిలితే ఆ క్షణమే ఆసుపత్రికి. రెండేళ్లలోపు పిల్లలకైతే ఇంట్లో తీర్మానించుకోకుండా చూపించడమే మంచిది, ముఖ్యంగా తల పక్కనో వెనకో మెత్తగా వాచినప్పుడు.

మీరు అడగకపోయినా ఇంకో ముక్క. టూవీలర్ మీంచి పడి ‘ఏం కాలేదులే’ అని లేచి, టీ తాగి, ఆఫీసుకు ఫోన్ చేసి, కొన్ని గంటలకు స్పృహ తప్పే కుర్రవాళ్లుంటారు. కణత దగ్గర ఎముక పగిలి లోపలి ధమని తెగితే అలా జరగవచ్చు. అది నాన్నగారిలా వారాలు ఆగేది కాదు, గంటల పని. మీ ఇంట్లో ఇద్దరు ముగ్గురికైనా బండి ఉంటుంది కనుక చెబుతున్నాను. కాసేపైనా స్పృహ తప్పినా, పడినప్పటి సంగతి గుర్తు లేకపోయినా, రెండుసార్లు వాంతి అయినా, మూడడుగులకు మించిన ఎత్తు నుంచో ఐదు మెట్ల మీంచో పడినా, వయసు 65 దాటినా, రక్తం పలుచన చేసే మందు వాడుతున్నా, ఆ రోజే చూపించుకోవాలి. పోలీసు కేసు అవుతుందని కొందరు వెనకాడతారు. ప్రమాదంలో గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లకు మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో రక్షణ ఉంది, పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు.

ఇక బయల్దేరండి. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ, మెడికల్ షాపువి కూడా, ఒక కవర్లో వేసుకోండి. స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ కాగితం, పడిన తేదీ పట్టుకెళ్లండి. ఆయన తడి నేల మీద జారారా, లేక తల తిరిగి పడ్డారా అన్నది అమ్మగారిని అడిగి తెలుసుకోండి. రెండోదైతే స్కాన్ మామూలుగా వచ్చినా పని పూర్తి కానట్టే. ప్రోస్టేట్ మాత్రల్లో కొన్ని, బీపీ మాత్రలు, లేచి నిలబడగానే బీపీని దించేస్తాయి. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని, ఒక ఈసీజీ తీయమని అక్కడి డాక్టరును అడగండి.