స్నేహితురాలి పెళ్లిలో కాలు విరిగింది.. కేసు వేయాలా?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.62,000 చేతికొస్తుంది. మావారూ ప్రైవేటు కంపెనీలోనే చేస్తారు. నాలుగు నెలల క్రితం కరీంనగర్‌లో నా ఇంజినీరింగ్ స్నేహితురాలి పెళ్లికి వెళ్లాను. గ్రూప్ ఫొటోకని పాతిక మందిమి స్టేజీ ఎక్కితే చెక్క విరిగి కింద పడ్డాను. చీలమండ దగ్గర ఎముక విరిగి ప్లేటు, స్క్రూలు వేశారు. బిల్లు రూ.2,85,000 అయితే మా ఆఫీసు బీమా నుంచి రూ.1,92,000 వచ్చింది. ఫిజియోథెరపీకి, క్యాబులకు ఇంకో రూ.32,000 అయింది. సెలవులు అయిపోయి ఐదు వారాలు జీతం లేదు. క్రెడిట్ కార్డు మీద రూ.70,000 ఉంది, మినిమమ్ కడుతూ వస్తున్నా. రూ.1,50,000 ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని కదపడం ఇష్టం లేదు. స్నేహితురాలు ఆసుపత్రికి వచ్చి రూ.20,000 ఇచ్చి వెళ్లింది, తర్వాత ఫోన్లు తగ్గించేసింది. డాలస్‌లో ఉండే మా బాబాయి ‘కేసు వేసెయ్, ఇక్కడ అందరూ వేస్తారు’ అంటున్నారు. వేయమంటారా?

జవాబు: స్నేహితురాలి మీద వద్దు. ఆ మాట స్నేహం కోసం అనడం లేదు, లెక్క చూసే అంటున్నాను.

మీ బాబాయిగారి మాట ఆయన ఉన్నచోట సబబే. అమెరికాలో ఇంటికి తీసుకునే బీమాలోనే, అతిథికి దెబ్బ తగిలితే చెల్లించే భాగం సాధారణంగా ఉంటుంది. పెళ్లిళ్లకు హాలు ఇచ్చేవాళ్లు చాలామంది ఆ ఒక్కరోజుకు లయబిలిటీ పాలసీ, అంటే అతిథులకు దెబ్బ తగిలితే చెల్లించే బీమా, తెమ్మంటారు. అందుకే అక్కడ కాగితం మీద స్నేహితుడి పేరున్నా డబ్బు ఇచ్చేది ఎక్కువగా బీమా కంపెనీయే. మన దగ్గరా పెళ్లి బీమా అమ్ముతారు, కొనేవాళ్లే అరుదు. కాబట్టి ఇక్కడ మీరు గెలిస్తే ఆ డబ్బు రావాల్సింది వాళ్ల నాన్నగారి జేబులోంచి. ఆయన పెళ్లి అప్పులు తీరాయో లేదో కూడా మనకు తెలియదు.

పైగా దెబ్బ తగిలిందని చూపిస్తే చాలదు, అవతలివాళ్ల నిర్లక్ష్యం రుజువు చేయాలి. ఆ చెక్క ఎంతమందిని మోస్తుందో పెళ్లికూతురికి ఎలా తెలుస్తుంది? తెలిసి ఉండాల్సింది స్టేజీ కట్టినవాళ్లకు. ఇక సివిల్ దావాకు పట్టే కాలం సంగతి. 1972లో ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్ ఈతకొలనులో దూకిన జర్మన్ కో-పైలట్ తలకు దెబ్బతగిలి పక్షవాతం పాలయ్యాడు. రూ.50 లక్షలు ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు చెప్పింది 1997లో. ఆయన 1985లోనే పోయారు. అన్ని కేసులూ ఇలా సాగవు కానీ, మీ నష్టంతో పోల్చి చూసుకోండి. బీమా పోగా రూ.93,000, తర్వాతి ఖర్చు రూ.32,000, పోయిన జీతం దాదాపు రూ.72,000. అన్నీ కలిపి రూ.1,97,000, ఆమె ఇచ్చింది తీసేస్తే రూ.1,77,000. ఏళ్ల తరబడి వకీలు ఫీజులు కట్టుకుంటూ తిరిగేంత మొత్తం కాదు ఇది.

అసలు మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది కేసు కాదు, కార్డు. చాలా కార్డుల్లో మినిమమ్ కట్టి మిగతాది వదిలేస్తే నెలకు 3.5 శాతం దాకా వడ్డీ, దాని మీద జీఎస్టీ. రూ.70,000కు నెలకు సుమారు రూ.2,900. మీ ఎఫ్‌డీ మీద ఏడు శాతం వస్తోందనుకున్నా, మొత్తం లక్షన్నరకూ నెలకు రూ.900 లోపే. రేపే ఎఫ్‌డీ తీసి కార్డు కట్టేయండి. ముందే తీసినందుకు బ్యాంకు కాస్త వడ్డీ కోస్తుంది, కోయనివ్వండి.

తర్వాత ఆ రూ.93,000 ఎందుకు కోశారో బీమా కంపెనీ పంపిన సెటిల్‌మెంట్ లెటర్ తీసి చూడండి. గది అద్దె పరిమితి దాటితే ఒక్క గది అద్దే కాదు, ఆపరేషన్ ఫీజుతో సహా చాలా వాటిని అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. గ్లవ్స్ లాంటి వాటికి సాధారణంగా ఇవ్వరు. మీవారి ఆఫీసు గ్రూప్ పాలసీలో మీ పేరుందా? చాలామందికి ఉంటుంది, గుర్తే ఉండదు. ఉంటే మొదటి కంపెనీ ఇచ్చిన లెటర్, బిల్లుల నకళ్లు జతచేసి మిగిలిన మొత్తం అక్కడ అడగొచ్చు. డిశ్చార్జి తర్వాత 60 రోజులో 90 రోజులో అయిన ఖర్చునూ చాలా పాలసీలు ఇస్తాయి కాబట్టి, డాక్టరు చీటీ ఉన్న ఫిజియోథెరపీ బిల్లులూ పెట్టండి. బిల్లులు పెట్టాల్సిన గడువు దాటి ఉండొచ్చు. మంచం మీద ఉన్నానని కారణం రాసే పంపండి. ప్రమాదం కనుక ఎంఎల్‌సీ (ప్రమాద కేసుల్లో ఆసుపత్రి నమోదు చేసే మెడికో-లీగల్ రికార్డు) కాపీ కూడా అడగొచ్చు, ఆసుపత్రి రికార్డుల విభాగంలో తీసుకోండి. బీమా కంపెనీ కాదంటే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లోనే ఉన్నారు, ఫిర్యాదుకు రూపాయి ఖర్చు లేదు.

మీ హెచ్‌ఆర్‌ను గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ గురించి విడిగా అడగండి. ఇది ఆరోగ్య బీమా కాదు, వేరే. కొన్నింటిలో పనిచేయలేని ప్రతి వారానికీ బీమా మొత్తంలో 1 శాతం చొప్పున, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి ఇస్తారు. బీమా నుంచి మీ ఐదు వారాల జీతంలో కొంతైనా తిరిగొచ్చే దారి ఇదే.

ఇవన్నీ అయ్యాక మిగిలినదానికి స్టేజీ కాంట్రాక్టరుకు, ఫంక్షన్ హాలుకు వకీలు చేత నోటీసు పంపండి. స్పందించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఆ సేవకు కట్టింది రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. ‘ఈమె మాకు డబ్బు కట్టలేదు కదా’ అని అవతలివాళ్లు వాదిస్తారు. డబ్బు కట్టినవాళ్ల సమ్మతితో సేవ పొందిన వ్యక్తి కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. అయినా మీ స్నేహితురాలి కుటుంబం కూడా ఫిర్యాదులో చేరితే ఆ వాదనే ఉండదు. కమిషన్ కన్నా ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కు పెట్టుకున్నా మంచిదే. అందుకు ఫీజు లేదు, రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. వివరాలకు 15100కు ఫోన్ చేయండి.

కాబట్టి మీకు ఆమె ప్రతివాదిగా కాదు, సాక్షిగా కావాలి. ఫోన్లు తగ్గడానికి మీరు డబ్బు అడుగుతారన్న భయమే కారణం కావచ్చు. ‘నీ మీద కేసు వేయను, డెకరేషన్ రసీదులు, అడ్వాన్స్ కట్టిన యూపీఐ స్క్రీన్‌షాట్లు పంపు’ అని మెసేజ్ పెట్టి చూడండి. పెళ్లి వీడియోగ్రాఫరుకు మాత్రం ఇవాళే ఫోన్ చేయించండి. ఆల్బమ్ ఇచ్చేశాక ఎడిట్ చేయని ఫుటేజీ చెరిపేస్తారు. స్టేజీ కుంగిన ఆ కొన్ని సెకన్లే మీ బలం.

కాంట్రాక్టరు ఎంతో కొంత ఇచ్చి ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని సంతకం పెట్టమంటే ఆగండి. ఆ ప్లేటు, స్క్రూలు కొందరికి కొన్నాళ్లకు తీయాల్సి వస్తుంది, అది మరో ఆపరేషన్. మీకు అవసరమో కాదో, అయితే ఎంతవుతుందో మీ సర్జన్‌తో కాగితం మీద రాయించుకుని, ఆ అంకె కూడా కలిపాకే మాట్లాడండి.