సైటేషన్లు పెరగడం లేదని దిగులు పడుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ మెయిల్ చదివాను. పీహెచ్‌డీ అయి మూడేళ్లయినా సైటేషన్లు, అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో నీ పేపర్లను ప్రస్తావించిన లెక్క, యాభై దాటలేదని, నీతోపాటు చేరినవాడికి మూడొందలున్నాయని రాశావు. రోజుకి ఎన్నిసార్లు ఆ లెక్క చూపించే గూగుల్ స్కాలర్ తెరిచి చూస్తున్నావో మాత్రం రాయలేదు. ఊహించగలను, నేనూ ఆ బాపతే.

సైన్స్ మొత్తంలో ఎక్కువగా సైట్ చేసిన పేపర్ ఏదనుకుంటున్నావు? డీఎన్ఏ ఆకారం గురించి 1953లో వాట్సన్, క్రిక్ రాసినది కాదు. 1951లో లౌరీ బృందం రాసిన, ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. దానికి సైటేషన్లు మూడు లక్షలకు పైనే ఉన్నాయి. ప్రోటీన్లను సైజువారీగా విడదీసే 1970 నాటి లెమ్లీ జెల్, ప్రోటీన్‌ని కొలిచే 1976 నాటి బ్రాడ్‌ఫోర్డ్ పరీక్ష కూడా ఆ కోవలోవే. గొప్ప ఆలోచన కొన్నాళ్లకు పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోతుంది, ఇక దాన్ని ఎవరూ సైట్ చెయ్యరు. ల్యాబు బెంచి మీద పనికొచ్చే పద్ధతిని మాత్రం వాడిన ప్రతివాడూ సైట్ చేస్తాడు.

అందుకే నీ పేపర్లో ప్రయోగం ఎలా చేశావో చెప్పే మెథడ్స్ భాగాన్ని ఆఖరి రాత్రి హడావిడిగా రాయకు. నేను చేసిన తప్పే అది. నా మొదటి పేపర్లో 'యాంటీబాడీతో రాత్రంతా ఉంచాం' అని రాసి ఊరుకున్నాను. ఏడాది తర్వాత ఎవరో విద్యార్థి ఉత్తరం రాశాడు: నాలుగు డిగ్రీల దగ్గరా, గది ఉష్ణోగ్రత దగ్గరా? నోట్‌బుక్ తీసి చూస్తే అందులోనూ లేదు! మళ్లీ మొదటినుంచి చేసి చూడటానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా అతను వేరేవాళ్ల పద్ధతికి మారిపోయాడు. సైట్ చేసింది కూడా వాళ్లనే.

ప్లాస్మిడ్ (జన్యువుల్ని మోసే చిన్న డీఎన్ఏ వలయం) తయారుచేస్తే ఫ్రీజర్లో దాచుకోకుండా, అలాంటివి భద్రపరిచి పంచే యాడ్‌జీన్ సంస్థకి పంపించు. అడిగిన ల్యాబులకి వాళ్లే పంపిస్తారు, నీకు కొరియర్ తలనొప్పి ఉండదు. డీఎన్ఏ అక్షరాల వరస చదివిన సీక్వెన్సింగ్ డేటా కూడా అంతే, పేపర్‌తోపాటే బయట పెట్టు. పేరు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగ్‌తో రాసి, ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకో. నా పేపర్లు రెండు పేర్ల కింద చీలిపోయి, సగం ఇప్పటికీ ఎవరివో అన్నట్టు తిరుగుతున్నాయి.

ఇక హెచ్-ఇండెక్స్. పరిశోధకుడి పనిని ఒక్క అంకెలో చెప్పడానికి 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన లెక్క అది. కనీసం పన్నెండేసి సైటేషన్లున్న పేపర్లు పన్నెండు ఉంటే నీ హెచ్ పన్నెండు. అది పెరగడమే గాని తగ్గదు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నా నాది పెరుగుతూనే ఉంది! అలాంటి అంకెతో నీ మూడేళ్ల పనిని తూచడం ఏం న్యాయం? అయినా ఉద్యోగాల కమిటీలు చూస్తాయి, కాదనను. అడిగితే అంకె చెప్పు, వెంటనే నీ పద్ధతిని ఏ ల్యాబులు దేనికి వాడుతున్నాయో చెప్పు. నేను కూర్చున్న కమిటీల్లో ఆ మాట దగ్గరే అందరూ తలెత్తి చూసేవారు.

'నిన్ను నేను సైట్ చేస్తా, నన్ను నువ్వు చెయ్యి' అనేవాళ్లు తగులుతారు. వద్దు. ఒక పనిని మూడు ముక్కలు చేసి మూడు పేపర్లు వెయ్యమనేవాళ్లూ ఉంటారు. మూడూ సన్నగా ఉంటాయి, చదివినవాడికి ఏదీ గుర్తుండదు.

నీ పేపర్‌ని రెండు జర్నల్స్ తిప్పి పంపాయని బాధపడ్డావు కదా. ఇప్పుడు జన్యువుల్ని మార్చడానికి వాడే క్రిస్పర్, బ్యాక్టీరియాలో రోగనిరోధక వ్యవస్థలాంటిదని స్పెయిన్ శాస్త్రవేత్త మోహికా రాసిన పేపర్‌ని పెద్ద జర్నల్స్ వరసగా వద్దన్నాయి. చివరికి 2005లో అంత పేరులేని పత్రికలో వచ్చింది. నీది క్రిస్పర్ అంతటిదని అనడం లేదులే. జర్నల్ తరఫున నీ పేపర్ చూసిన రివ్యూయర్ రెండో పాయింటులో అడిగిన కంట్రోల్ (పోలిక కోసం చేసే ప్రయోగం) మాత్రం న్యాయమైనదే, అది చేసెయ్యి.

మెథడ్స్ మళ్లీ రాసి ముందు పక్క ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకి ఇవ్వు. నిన్ను ఏమీ అడగకుండా ఆ ప్రయోగం చెయ్యమను. వాళ్లు ఎక్కడ ఆగారో గుర్తుపెట్టి, ఆ కాపీ నాకు పంపు.