పెద్దోడి లెక్కలు చిన్నోడికి వద్దు తల్లీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు ఇద్దరు మగపిల్లల తల్లులవే. పక్కపక్క ఊళ్ళ వాళ్ళు మాట్లాడుకుని రాశారా అన్నట్టున్నాయి, అందుకని అన్నీ ఒకచోటే పెట్టి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అమ్మా. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. ఇద్దరు మగపిల్లలు. పెద్దోడికి ఐదున్నర, చిన్నోడికి 22 నెలలు. పెద్దోడు ఏడాది తిరక్కుండానే నడిచేశాడు, ఏడాదిన్నరకల్లా కాకి, పిచ్చుక, బస్సు అన్నీ చెప్పేసేవాడు. చిన్నోడు 15 నెలలకి గానీ అడుగెయ్యలేదు, ఇప్పటికీ అమ్మ, తాత, పాలు కావాలంటే "పా", అంతేనండి. అత్తయ్యగారేమో మగపిల్లలకి మాట లేటేలే, మీ ఆయనకి మూడేళ్ళకొచ్చింది అంటారు. మా అమ్మ నాలిక్కి వస రాయమంటుంది. మా ఆడపడుచు ఆస్పత్రికి తీసుకెళ్ళు వదినా అంటుంది. అన్నం తినాలంటే ఫోన్‌లో వీడియో పెట్టాల్సిందే, లేకపోతే నోరు తెరవడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదండి.

జవాబు: ముందు నడక సంగతి పక్కన పెట్టేయమ్మా. ఎవరి సాయం లేకుండా నడవడం అనేది 8 నెలల నుంచి 18 నెలల లోపు ఎప్పుడొచ్చినా మామూలే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా దేశాల పిల్లల్ని చూసి 2006లో చెప్పిన లెక్క ఇది. కాబట్టి 15 నెలలకి నడిచినవాడు లేటు కాదు, వాళ్ళ అన్న తొందరగా నడిచాడు కాబట్టి నీకలా అనిపించింది.

మాట విషయం మాత్రం కొంచెం నిదానంగా చూడాలి. ఎన్ని మాటలొచ్చాయని లెక్కపెట్టేముందు వీడికి ఎంత అర్థమవుతోందో చూడు. వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? చెప్పులు తేరా అంటే తెస్తాడా, నువ్వు చేత్తో చూపించకుండా నోటితో మాత్రమే చెప్పినప్పుడు? కొబ్బరిచెట్టు మీద ఉడత కనపడితే వేలు పెట్టి నీకు చూపించి నీ మొహం వంక చూస్తాడా? ఇవన్నీ చేస్తున్నాడంటే సగం ధైర్యం తెచ్చుకోవచ్చు. రెండేళ్ళు నిండేసరికి రెండు మాటలు కలపాలి, "అమ్మ పాలు", "తాత రా" ఇలాగ. అప్పటికీ కలపకపోయినా, వేలు పెట్టి చూపించడం లేకపోయినా, అంతకుముందు వచ్చిన మాట ఏదైనా పోయినట్టు అనిపించినా (ఇది ఏ వయసులోనైనా సరే) మగపిల్లాడు లేటులే అని కూర్చోవద్దు. మగపిల్లలకి ఓ నెలా రెండు నెలలు అటూ ఇటూ ఉంటుంది, నిజమే. కానీ ఆ మాట చెప్పుకుని మూడేళ్ళదాకా ఆగిపోయిన ఇళ్ళు చాలా చూశాను, వినికిడి లోపం ఉన్న పిల్లాడికి ఆ ఏడాది ఎంత విలువైందో చెప్పలేను తల్లీ.

అందుకని మొదట చూపించాల్సింది చెవులు. పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడుతున్నాడు కదా అంటారు అందరూ. పెద్ద చప్పుడు వినపడినంత మాత్రాన మాటలు స్పష్టంగా వినపడుతున్నట్టు కాదు. జలుబు చేసి చెవి లోపల నీరు చేరినా వినికిడి తగ్గుతుంది, అది చాలామంది పిల్లల్లో తగ్గిపోయేదే. మీ ఏఎన్‌ఎమ్‌కి గానీ అంగన్‌వాడీ టీచర్‌కి గానీ చెప్పు, ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అని 2013 నుంచీ ఉన్న పథకంలో 18 ఏళ్ళదాకా పిల్లల్ని ఉచితంగా చూస్తారు, అవసరమైతే జిల్లాలో ఉండే సెంటర్‌కి రాసిస్తారు. ఈ విషయంలో నా ఓటు మీ ఆడపడుచుకే.

వస మాత్రం వద్దు. ఎంత అరగదీస్తున్నామో ఎంత నాకిస్తున్నామో ఎవరికీ కొలత ఉండదు, దానివల్ల మాట వస్తుందనే నమ్మకం నాకు లేదు. అమ్మతో గొడవ పడొద్దు, డాక్టరు గారు వద్దన్నారని చెప్పెయ్, పెద్దవాళ్ళు ఆ మాట వింటారు.

ఇక ఫోను. రెండేళ్ళలోపు పిల్లలకి అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మాట నేర్చుకునేది మనిషి మొహం చూసి, పెదాలు చూసి. వీడియో వీడికి బదులు చెప్పదు కదా. ఓ నాలుగు రోజులు సరిగ్గా తినడు, ఏడుస్తాడు, తినకపోయినా ఫరవాలేదు, ఆకలేస్తే వాడే నోరు తెరుస్తాడు. అరుగు మీద కూర్చోబెట్టి ఇదిగో ముద్ద, ఇది పప్పు, అదిగో కాకి వచ్చింది, కాకికి పెడదామా అంటూ పెట్టు. ఇంకొకటి ఎవరూ గమనించరు. చిన్నోడు "పా" అనగానే పెద్దోడు పరిగెత్తుకొచ్చి అమ్మా తమ్ముడికి పాలంట అని చెప్పేస్తుంటాడు చూడు, వాడి ప్రేమ వాడిది, కానీ వీడికి నోరు తెరవాల్సిన అవసరం లేకుండా పోతుంది. తమ్ముడు చెప్పేదాకా ఆగు నాన్నా, నువ్వు మాట నేర్పించే మాస్టారివి అని పెద్దోడికి ఆ ఉద్యోగం ఇచ్చి చూడు.

ప్రశ్న: అక్కా, మాది రాజోలు సైడు. పెద్దబాబుకి నాలుగేళ్ళు, చిన్నబాబుకి ఐదు నెలలు. పెద్దోడు బంగారంలాంటోడు, తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచీ మారిపోయాడు. ఎవరూ లేనప్పుడు గిల్లుతున్నాడు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలెట్టాడు, తమ్ముడి సీసా కావాలంటాడు. మా ఆయన రొయ్యల చెరువుల మీద ఉంటారు, రాత్రిళ్ళు ఇంటికి రారు. కొట్టానక్కా రెండుసార్లు, కొట్టాక నేనే ఏడ్చాను.

జవాబు: గిల్లుతున్నది తమ్ముడి మీద పగతో కాదమ్మా. మూడున్నరేళ్ళపాటు నీ పక్కన వాడొక్కడే పడుకున్నాడు. పక్క తడపడం, సీసా అడగడం, ముద్దుముద్దుగా మాట్లాడ్డం ఇవన్నీ కొత్తగా తమ్ముడో చెల్లో పుట్టిన ఇంట్లో మామూలే, చిన్నపిల్లాడిలా ఉంటే అమ్మ ఎత్తుకుంటోందని వాడు కళ్ళారా చూస్తున్నాడు కదా. సీసా అడిగితే ఓసారి ఇచ్చెయ్, రెండు గుక్కలు తాగి వాడే పడేస్తాడు. పక్క తడిపితే ఏమీ అనకుండా దుప్పటి మార్చు. ఐదేళ్ళలోపు పిల్లాడికి దాన్ని జబ్బు అనరు, మరీ ఎక్కువసార్లు పాస్‌కి వెళ్తున్నా మంట అంటున్నా మాత్రం డాక్టరుకి చూపించు.

నాకు కోపం వచ్చేది ఎక్కడో చెప్తాను. బారసాలకి వచ్చిన చుట్టాలు, పక్కింటి పిన్నిగార్లు, అందరూ పెద్దోణ్ణి పట్టుకుని "ఇంక మీ అమ్మ తమ్ముడిదేరా, నిన్ను మేం తీసుకుపోతాం" అంటారు. ఏడిపించి నవ్వుతారు. నాలుగేళ్ళ పిల్లాడికి అది సరదా కాదు, నిజం. ఆ రాత్రి వాడు నిద్రపోడు. ఎవరన్నా సరే, మీ అత్తగారి అక్కగారైనా సరే, "అలా అనకండి పెద్దమ్మగారూ, వాడు నిజమనుకుంటాడు" అని వాడికి వినపడేటట్టు చెప్పు. అమ్మ తన పక్కన నిలబడిందని వాడికి తెలియాలి.

"నువ్వు పెద్దోడివి కదా" అనే మాట కూడా ఓ ఆర్నెల్లు ఇంట్లోంచి తీసేయండి. వాడు పెద్దోడు కాదు, వాడికి నాలుగేళ్ళు. చిన్నోడు పడుకున్నాక ఓ పావుగంట, ఫోను లేకుండా, పని లేకుండా, వాడితోనే కూర్చో, వాడు ఏం ఆడమంటే అది ఆడు, రోజూ. మీ ఆయన పగలు ఇంటికొచ్చినప్పుడు వాణ్ణొక్కణ్ణే బండి మీద ఎక్కించుకుని సంతకో, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద అవతలికో తీసుకెళ్ళమను, తమ్ముడు లేకుండా, నాన్నతో వాడు ఒక్కడే. ఇది బుజ్జగించడం కాదు, వాడికి రావాల్సింది వాడికివ్వడం. గిల్లినప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని ఆపి, తమ్ముడికి నెప్పెడుతుంది, గిల్లనివ్వను అని మామూలు గొంతుతో చెప్పు, ప్రతిసారీ అదే మాట. ఐదు నెలల బిడ్డనీ వాణ్ణీ ఒక్క నిమిషం కూడా గదిలో ఒంటరిగా వదలకు, కొన్నాళ్ళు అంతే. ఇక నువ్వు. రెండు కాన్పులయ్యాక, రాత్రి మొగుడు ఇంట్లో లేక, ఇద్దరు పిల్లల్తో నిద్రలేకపోతే ఎవరికైనా చెయ్యి లేస్తుంది. మీ అమ్మనో చెల్లినో ఓ పది రోజులు రమ్మను. ఏడుపు ఆగకుండా వస్తున్నా, దేనిమీదా మనసు లేకపోతున్నా అది నీ తప్పు కాదు, కాన్పు తర్వాత వచ్చే దిగులు, దానికి వైద్యం ఉంది, దాచుకోకు.

ప్రశ్న: తణుకు నుంచి రాస్తున్నామండి. మా రెండోవాడికి ఆరో నెలలో అన్నప్రాసన చేశాం. పెద్దోడు అప్పట్లో పుస్తకం పట్టుకున్నాడు, వీడు పాకుతూ వెళ్ళి కత్తి పట్టుకున్నాడు. అప్పట్నుంచీ మావయ్యగారు దిగులుగా ఉన్నారు.

జవాబు: ఆరు నెలల పిల్లాడు ఏది తళతళలాడితే అది పట్టుకుంటాడండి. మావయ్యగారికి చెప్పండి, కత్తి పట్టుకున్నవాడు ధైర్యవంతుడవుతాడనే కదా మన పెద్దలు కూడా అన్నది. దిగులు పడాల్సింది ఒక్కటే, పదునున్న కత్తి పెట్టారేమోనని. మగపిల్లలకి ఆరో నెల అన్న ఆచారం ఆరు నెలలు నిండాక పైతిండి మొదలెట్టమనే డాక్టర్ల మాటకి సరిపోతుంది కూడా. పాయసం నాలిక్కి తగిలించాక రోజువారీ తిండిలో ఏడాదిదాకా ఉప్పూ పంచదారా వెయ్యకండి, తేనె అసలే వద్దు.

ప్రశ్న: అమ్మా, మా ఇల్లు కాలవ గట్టు మీద. ముమ్మిడివరం దగ్గర. బాబులకి ఆరు, రెండున్నర. పెద్దోడు ఈత నేర్పించమని గోల, చిన్నోడు ఎప్పుడూ వాడి వెనకే. నాకు గుండె దడ.

జవాబు: ఆ దడ ఉండాల్సిందే తల్లీ, అది పోగొట్టుకోకు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన డెల్టా ఊళ్ళు కాలవల పక్కనే పెరిగాయి, గుమ్మం దిగితే రేవు. దాంతో నీళ్ళంటే మనకి భయం తగ్గిపోయింది. నాకన్నిటికన్నా భయం వేసవి అయ్యాక. దాళ్వా (రెండో వరి పంట) కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, పిల్లలు ఆ ఎండిన కాలవలో క్రికెట్ ఆడతారు, అటునుంచిటు దాటేస్తారు, కాళ్ళకి ఆ దారి అలవాటైపోతుంది. నీళ్ళు వదిలిన వారం రోజులూ పిల్లలకి అది ఇంకా తమ గ్రౌండే. నీళ్ళు వచ్చిన రోజు ఇద్దర్నీ గట్టు మీదకి తీసుకెళ్ళి చూపించు, ఓ కొబ్బరి మట్ట పడేసి ఎంత స్పీడుగా పోతోందో చూడమను.

పెద్దోడికి ఆరు దాటాయి కదా, నేర్పించు, ఆరేళ్ళు పైబడిన పిల్లలకి ఈత నేర్పించమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. కానీ పారే కాలవలో కాదు, అరటి బోదె ఇచ్చి వదిలేసి అసలే కాదు. ఈత బాగా వచ్చిన మీ ఆయనో మీ తమ్ముడో పక్కనుండి, నడుం లోతు నిలవ నీళ్ళలో, లేకపోతే దగ్గర్లో ఈత కొలను ఉంటే అక్కడ. ఈత వచ్చాక కూడా ఒంటరిగా రేవుకి వెళ్ళకూడదన్న రూలు మారదు. రొయ్యల చెరువుల గట్లయితే జారుడు, పైగా ఏరియేటర్ల (నీళ్ళకి గాలి అందించే మిషన్ల) కరెంటు వైర్లు, అక్కడికి ఇద్దరికీ వద్దే వద్దు.

చిన్నోడికి ఈత కాదు, అడ్డు కావాలి. గుమ్మానికి వాడు తియ్యలేని గడియతో తడిక కట్టించు. రెండున్నరేళ్ళవాడికి కాలవే అక్కర్లేదు, బాత్రూమ్‌లో సగం నిండిన బకెట్టు చాలు, తల కిందకి వెళ్తే మళ్ళీ లేవలేరు, కేకా వినపడదు. వాడకం అయ్యాక బకెట్లు బోర్లించు. చిన్నోణ్ణి చూస్తూ ఉండు అని పెద్దోడికి అప్పగించి వంటింట్లోకి వెళ్ళకు, ఆరేళ్ళవాడి మీద అంత బరువు పెట్టకూడదు.

ఇంకొకటి ఊరంతా తెలుసుకోవాల్సింది. నీళ్ళలో పడ్డ పిల్లాణ్ణి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పుతారు, పొట్ట నొక్కి నీళ్ళు కక్కిస్తారు. అలా చెయ్యొద్దు, ఆ టైమంతా వృథా. ఊపిరి లేకపోతే వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి, ఛాతీ మధ్యలో నొక్కాలి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. తేరుకుని ఏడ్చినా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. పీహెచ్‌సీలో నర్సుని అడిగి ఈ పద్ధతి బొమ్మ మీద ఓసారి చేయించుకుని నేర్చుకోండి, ఆలుమగలిద్దరూ.

ప్రశ్న: భీమవరం నుంచండి. పెద్దోడికి ఆరేళ్ళు, కింద ముందు పన్ను కదుల్తోంది, దాని వెనకాలే ఇంకో పన్ను వచ్చేస్తోంది. మా చిన్నోడికి మూడేళ్ళు, అన్నయ్య పన్ను ఊడుతోందని వాడూ రోజూ పళ్ళు కదుపుకుంటున్నాడు.

జవాబు: పాలపన్ను ఊడకుండానే వెనకాల ఇంకోటి రావడం ఈ వయసులో చాలామందికి ఉంటుంది. కదుల్తోంది కాబట్టి నాలిక్కి పనిచెప్పమనండి, జామకాయ కొరకమనండి, దానంతటదే ఊడుతుంది, ఊడాక కొత్తది మెల్లిగా ముందుకొస్తుంది. దారం కట్టి లాగొద్దు. రెండు మూడు నెలలైనా పాతది కదలకుండా గట్టిగా ఉంటే పళ్ళ డాక్టరుకి చూపించండి. అసలు చూసుకోవాల్సింది వెనక దవడ. ఆరేళ్ళప్పుడు అక్కడ ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడపన్ను వస్తుంది, పాలపన్నేలే పోతుందిలే అని దాన్ని పుచ్చిపోనిస్తాం. అది మళ్ళీ రాదు, జన్మంతా ఉండాల్సింది. రాత్రి పడుకునేముందు మీరే బ్రష్ పట్టుకుని అక్కడిదాకా తోమండి, ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా వాళ్ళ చేతికొదలకండి. ఊడిన పన్ను పేడముద్దలో పెట్టి ఇంటి మీదకి విసిరే పని చిన్నోడికివ్వండి, వాడి సరదా తీరుతుంది.