కరేరానా, కరేరా ఎస్సా?

అన్నా, మీరు చూస్తున్న సెకండ్ హ్యాండ్ పోర్షే 911లు రెండూ 992 అనే తరంలో తొలి మోడల్‌వే, ఖరీదైన కరేరా ఎస్ తీసుకోకపోతే తర్వాత బాధపడతానేమోనని మీ టెన్షన్. నన్నడిగితే మామూలు కరేరానే తీసుకోండి.

రెండింటిలోనూ అదే 3.0 లీటర్ల ట్విన్ టర్బో, ఆరు సిలిండర్లు. కరేరాకు 385 హార్స్‌పవర్, ఎస్‌కు 450. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పీడీకే (పోర్షే ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌తో కరేరాకు 4.2 సెకన్లు, ఎస్‌కు 3.7. ఆ అర సెకను మీకెక్కడ దొరుకుతుంది? తిరుమల కొండకు వెళ్తే ఇంత సమయం లోపు పైకి చేరకూడదనే నిబంధన ఉండనే ఉంది. అలిపిరి దాటాక 385 కూడా దండగే! తిరుపతి దగ్గరి భాకరాపేట ఘాట్‌ రోడ్డులో సరదా వస్తుంది, కానీ అక్కడ మలుపు అవతల లారీ ఉంటుంది. ఆ సరదాకు బేస్ బండే ఎక్కువ.

నాకైతే అసలు తేడా చక్రాల్లో కనిపిస్తుంది. కరేరాకు ముందు 19, వెనక 20 అంగుళాలు; ఎస్‌కు 20, 21. టైరు పక్కగోడ సన్నబడేకొద్దీ గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్‌కే. మన సందుల్లో స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు తెలియనిదా? కాబట్టి ముందు భాగాన్ని పైకి లేపే ఫ్రంట్ లిఫ్ట్ ఏ బండికి ఉందో చూడండి. అది కంపెనీ నుంచే ఆప్షన్‌గా వచ్చి ఉండాలి.

రేస్ ట్రాక్‌పై సొంత బండి నడిపే ట్రాక్ రోజులకు మద్రాసు వెళ్తారా? అప్పుడు ఎస్ గురించి ఆలోచించండి, దాని బ్రేకులు పెద్దవి. లేదంటే మిగిలిన డబ్బు టైర్లకు, ఇన్సూరెన్స్‌కు ఉంచుకోండి. సర్వీస్ రికార్డు పూర్తిగా చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.