వైన్ విమర్శకులు చెప్పే ‘పెన్సిల్ చెక్కు, పొగాకు’ నిజంగా గ్లాసులో ఉంటాయా?

మీ అన్నయ్య ఫ్రాన్స్ నుంచి 2016 నాటి మెదోక్ (బోర్డో ప్రాంతంలో ఒక భాగం) రెడ్ వైన్ రెండు సీసాలు తెచ్చారని, ఒకటి తెరిచి తాగితే నోరంతా వగరైపోయిందని రాశారు. అదే వైన్ గురించి ఒక విమర్శకుడు బ్లాక్‌కరెంట్ (చలిదేశాల్లో కాసే చిన్న నల్లటి పండు), పెన్సిల్ చెక్కు అన్నాడు. ఇంకొకరు పొగాకు, లవంగం అన్నారు. మూడో ఆవిడ ‘ఇంకా మూసుకుని ఉంది, పదేళ్లు ఆగాలి’ అంది. వీళ్లు చెప్పేది నిజమా కల్పనా, రెండో సీసా దాచాలా తాగెయ్యాలా అన్నది మీ ప్రశ్న.

మీకు వగరుగా అనిపించిందని రాశారు చూడండి, అన్నిటికన్నా కచ్చితమైన మాట అదే. విమర్శకులు ‘టానిన్’ అంటూ వాక్యాలకు వాక్యాలు రాసేది దాని గురించే. షడ్రుచుల్లో వగరుకు ఒక స్థానం ఇచ్చి, ఉగాది నాడు మామిడికాయ ముక్కతో పిల్లల నాలుక మీద పెట్టే భాష మనది. నేను 2012లో ఉద్యోగం మీద ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుపడ్డ బోర్డో వెళ్లి పదేళ్లకు పైగా అక్కడే ఉన్నాను. వైన్ గురించి నాకు తెలిసినదంతా మా వీధి చివర దుకాణం నడిపే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నదే. మొదటిసారి ఆయన గ్లాసులో పోసి టానిన్ అంటే ఏమిటో చెప్పబోతుంటే, ఇది నాకు నేరేడు పండు తిన్నప్పటి నుంచి తెలుసన్నాను. నేరేడు గింజ చప్పరించాక నాలుక మందమై అంగిలికి అంటుకున్నట్టు ఉంటుంది కదా, అచ్చంగా అదే. ద్రాక్ష తోలులో, గింజలో, కొంత వైన్ నిలవ ఉంచే ఓక్ పీపా చెక్కలో ఉండే ఈ పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. నోటిలో జారుడు పోతుంది, గరుకు మిగులుతుంది.

కాలంతో పాటు మారేది కూడా ప్రధానంగా ఇదే. సీసాలో ఏళ్ల తరబడి పడుకున్న వైన్‌లో టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ కలుస్తాయి. కొన్ని బరువెక్కి అడుగున మడ్డిగా దిగుతాయి. నేరేడు రంగులో ఉన్న వైన్ అంచుల దగ్గర ఇటుక రంగుకు తిరుగుతుంది. వగరు ఉంటుంది కానీ గీరుకోదు. అందుకే విమర్శకుడు ‘టానిన్ గట్టిగా ఉంది, పులుపు తాజాగా ఉంది, మింగాక రుచి చాలాసేపు నిలిచింది’ అని రాస్తే అది పైపై వర్ణన కాదు. ఈ వైన్‌కు ఆయుష్షు ఉందని చెబుతున్నాడు. నేను ఎవరి సమీక్ష చదివినా ముందు ఈ మూడింటి కోసమే వెతుకుతాను. పండ్ల పేర్లు, పూల పేర్లు ఆ తర్వాతే.

అయితే గట్టిగా ఉన్నదల్లా బతుకుతుందని కాదు. 1975 బోర్డో వైన్‌లను మొదట్లో చాలామంది దీర్ఘకాలం నిలిచేవని మెచ్చుకున్నారు. వాటిలో చాలావాటికి వగరు కరిగేలోపే లోపలి పండ్ల రుచి ఎండిపోయింది. 1982 కథ తిరగబడింది. అప్పట్లో అది మరీ పండిపోయిన, మెత్తటి సంవత్సరమనీ ఎక్కువ కాలం నిలవదనీ కొందరు పెదవి విరిచారు. 1978లో తన పత్రిక మొదలుపెట్టిన అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ మాత్రం గొప్ప సంవత్సరమని గట్టిగా నిలబడ్డాడు. ఆ ఏటి మంచి సీసాలు దశాబ్దాల తర్వాత కూడా నిలిచి ఆయన మాటే నిలబెట్టాయి. వందకు ఇన్ని మార్కులు అని వేసే ఆయన పద్ధతి లోకమంతా పాకడానికి ఆ ఒక్క తీర్పు చాలా దోహదం చేసింది.

ఈ తీర్పులు ఎప్పుడు, ఎలా ఇస్తారో తెలిస్తే మీ గందరగోళం సగం తగ్గుతుంది. బోర్డోలో పంట శరదృతువులో కోస్తారు. మరుసటి వసంతంలో, అంటే వైన్‌కు ఆరు నెలలు నిండీ నిండకుండానే, విమర్శకులంతా అక్కడికి చేరుతారు. వైన్ అప్పటికి ఇంకా 225 లీటర్ల ఓక్ పీపాలోనే ఉంటుంది. సీసాలోకి దిగడానికి మరో ఏడాది పడుతుంది. కొద్ది రోజుల్లో వందల నమూనాలు రుచి చూస్తారు. ఒక్కోటి నోటిలో పుక్కిలించి, ఉమ్మి, నాలుగు వాక్యాలు రాసి, 94 నుంచి 96 మధ్య అన్నట్టు ఒక పరిధిలో మార్కులు వేస్తారు. ఉయ్యాలలో పడుకున్న బిడ్డను చూసి వీడు నలభై ఏళ్లకు ఎలా ఉంటాడో చెప్పడం లాంటి పని అది. అనుభవం ఉన్నవాళ్లు చాలాసార్లు సరిగ్గానే చెబుతారు, నాకు ఆ నైపుణ్యం మీద గౌరవం ఉంది. కానీ సమీక్ష చదివేటప్పుడు దాని తేదీ తప్పకుండా చూడండి. పీపా నుంచి తీసిన నమూనాకు రాసిన మాటలు, పదేళ్ల సీసాకు రాసిన మాటలు ఒకే పేరు కింద పక్కపక్కనే ఉంటాయి. మీరు చదివిన ముగ్గురూ మూడు వేర్వేరు ఏళ్లలో రుచి చూసి ఉంటే వాళ్ల మధ్య విభేదమే లేకపోవచ్చు.

నిజంగా విభేదించిన సందర్భాలూ ఉన్నాయి. 2003లో యూరప్ ఎండలకు మాడిపోయింది. బోర్డోలోనే సెంట్ ఎమిలియన్ అనే ఊరి వైన్ షాటో పావీ (షాటో అంటే వైన్ తయారుచేసే తోట) ఆ ఏటిదాన్ని 2004లో పీపా నుంచి రుచి చూసి పార్కర్ 96 నుంచి 100 ఇచ్చాడు. ఇంగ్లండుకు చెందిన విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ ఇరవైకి పన్నెండు ఇచ్చి, ఇది బోర్డోలా లేదు, తీయటి పోర్ట్ వైన్‌లా ఉందని అర్థం వచ్చేలా రాసింది. రెండు ఖండాల వైన్ లోకం రెండుగా చీలి పోట్లాడుకుంది. నా దృష్టిలో ఇద్దరూ తమ నాలుకకు తెలిసింది నిజాయితీగానే చెప్పారు. పండిన తీపిని, నిండుదనాన్ని ఒకరు కోరుకున్నారు, తాజాదనాన్ని మరొకరు కోరుకున్నారు. కాబట్టి పదిమంది సగటు మార్కులు చూసే కన్నా, మీరు తాగి ఇష్టపడిన వైన్‌ను ఎవరు మెచ్చుకున్నారో చూసి వాళ్ల వెంట వెళ్లడం మేలు.

ఇక వాసనల సంగతి. అవన్నీ ఒక జాతి కావు. కాబర్నే సోవిన్యోన్ ద్రాక్ష సరిగ్గా పండకపోతే పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది. అది పోలిక కాదు, క్యాప్సికంలో ఉండే అణువే ద్రాక్షలోనూ ఉంది. లీటరుకు పది పదిహేను నానోగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది. లవంగం అన్న మాట కూడా అంతే. కాల్చిన ఓక్ చెక్క నుంచి యూజెనాల్ వైన్‌లోకి దిగుతుంది, మన లవంగానికి ఆ ఘాటు ఇచ్చేది కూడా అదే. వెనిల్లా వాసన, కొన్నిసార్లు కొబ్బరి వాసన కూడా పీపావే. పెన్సిల్ దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం వేరు. పెన్సిల్ లోపలి గ్రాఫైట్‌కు చెప్పుకోదగ్గ వాసన లేదు. పెన్సిల్ చెక్కినప్పుడు మనకు తగిలేది దేవదారు జాతి చెక్క వాసన. మెదోక్‌లోని పొయాక్ గ్రామపు వైన్‌ల గురించి రాసేటప్పుడు ఈ మాట పదే పదే వస్తుంది. ఇది జ్ఞాపకం నుంచి పుట్టిన పోలిక. బ్లాక్‌కరెంట్ కూడా అలాంటిదే. ఆ పండు తింటూ పెరిగినవాళ్లకు అది వెంటనే తడుతుంది, మీకూ నాకూ తట్టదు. చాలాకాలం దాని కోసం గ్లాసులో వెతికి, నా ముక్కే పనికిరాదేమో అనుకున్నాను. దాని బదులు నేరేడు అని రాసుకోవడం మొదలుపెట్టాకే నా నోటు పుస్తకం నాకు ఉపయోగపడింది.

ఆ నోటు పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువ పేజీలు ఒకే వైన్‌వి. 2013లో, పెద్దాయన సలహా మీద, షాటో సోసియాండో-మాలే 2010 ఆరు సీసాలు కొన్నాను. అది మెదోక్‌లో సెంట్ ఎస్టెఫ్ గ్రామానికి ఉత్తరాన, జిరోంద్ నదీముఖం మీదికి చూసే గులకరాళ్ల దిబ్బ మీది తోట. 1855లో మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్‌లకు చేయించిన ప్రసిద్ధ వర్గీకరణలో దానికి చోటు లేదు. 1969లో కొన్న జాన్ గోత్రో అనే ఆయన దాన్ని ఎంతో ఎత్తుకు తీసుకెళ్లి, 2003లో ఆ జాబితాలో లేని మెదోక్ తోటలకు ‘క్రూ బూర్జువా’ అనే వర్గీకరణ జరిగినప్పుడు దరఖాస్తే పెట్టలేదు. బిరుదు లేకపోయినా బాగా ముదిరే వైన్‌గా దానికి పేరుంది. మన జీతాలకు అందే ధరలోనే ఉంటుంది కూడా.

మొదటి సీసా కొన్న నెలలోనే తెరిచాను. 2010 బోర్డోలో బిగుతైన సంవత్సరం, పులుపూ వగరూ రెండూ నిండుగా ఉంటాయి. నోట్సులో ‘నేరేడు, లవంగం, పలుగురాయి’ అని ఉంది. రెండోది 2016లో. ఏ వాసనా లేదు, పుల్లటి వగరు నీళ్లు. సీసా పాడైందనుకుని బాధపడ్డాను. పెద్దాయన గ్లాసు వాసన చూసి, పాడవలేదు, నిద్రపోతోంది అన్నారు. విమర్శకులు ‘మూసుకుపోయింది’ అనేది దీన్నే. లేత పండు వాసనలు వెనక్కి తగ్గి, ముదిరిన వాసనలు ఇంకా రాని మధ్యకాలం. మీరు తాగింది ఈ దశలోనే ఉండవచ్చు.

రెండు సీసాలు 2018లో హైదరాబాద్ తెచ్చి మా ఇంట్లో వంటగది అటక మీద పెట్టాను. మరుసటి దసరాకు తీసి చూస్తే బిరడా అర అంగుళం పైకి తోసుకొచ్చి ఉంది. లోపల ఉడికించిన ఎండుద్రాక్ష వాసన. ఒక ఎండాకాలం చాలింది. ఆ నష్టం ఇప్పటికీ మనసులో ఉంది. దయచేసి మీరు ఆ పొరపాటు చేయకండి.

అయిదోది 2022 డిసెంబరులో బోర్డోలో తెరిచాం. ముందురోజే సీసా నిలబెట్టాను, మడ్డి అడుక్కి దిగాలని. సాయంత్రం సీసా మెడ కింద కొవ్వొత్తి పెట్టుకుని, చిక్కటి మడ్డి గీత మెడ దాకా వచ్చేంతవరకు జగ్గులోకి మెల్లగా తేర్చాను. ఒక గంట ఆగి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే కదలలేకపోయాను. మా అమ్మమ్మ వాళ్లది టంగుటూరు వైపు. వేసవి సెలవులకు వెళ్తే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ తలుపు తీసినప్పుడు ముఖానికి కొట్టే వేడి గాలిలో ఒక తియ్యటి, ఎండుగడ్డి లాంటి, కొంచెం మట్టి లాంటి వాసన ఉండేది. పసుపు రంగుకు తిరిగిన ఆకులు కర్రలకు వేలాడుతుంటే మామయ్య ఒక ఆకు తీసి వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. ఆ వాసన ఆ గ్లాసులో ఉంది. విమర్శకులు ‘పొగాకు’ అని ఎన్నిసార్లు రాసినా సిగరెట్టు కంపే ఊహించుకుని ఆ మాటను దాటేస్తూ వచ్చాను. వాళ్లు అంటున్నది ఆకు వాసన అని ఆరోజు తెలిసింది.

మా ఆవిడది కరీంనగర్. బ్యారన్ ఆమె చూడలేదు. అదే గ్లాసు వాసన చూసి, ‘మా తాతయ్య పాత చెక్క బీరువా తలుపు తీసినట్టుంది’ అంది. ఆమె చెప్పిన చెక్క, విమర్శకులు చెప్పే పెన్సిల్ చెక్కు పక్కపక్క ఇళ్లవి. మేమిద్దరం ఒకే వైన్ తాగాం, ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ముక్కు మోసపోదని మాత్రం అనను. బోర్డోలోనే వైన్ శాస్త్రం చదివే 54 మందికి వాసన లేని ఎరుపు రంగు కలిపిన వైట్ వైన్ ఇస్తే, వాళ్లు రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. గిల్ మోరో, ఫ్రెడరిక్ బ్రోషే, దెని దుబూర్దియు 2001లో ప్రచురించిన అధ్యయనం అది. దాన్ని చూపించి విమర్శకులంతా మోసగాళ్లని తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను. కన్ను ముక్కును లాక్కుపోతుందని మాత్రమే అది చెబుతోంది. వాసనల జాబితా కన్నా వగరు, పులుపు, రుచి నిలిచే నిడివి గురించిన మాటలకు నేను ఎక్కువ బరువు ఇవ్వడానికి అదీ ఒక కారణం.

మీ రెండో సీసా సంగతి. 2016 మెదోక్‌లో చాలా మంచి సంవత్సరం, పదమూడు డిగ్రీల చల్లటి నేలమాళిగలో ఉంటే ఇంకా పదేళ్లు ఆగమనే అంటాను. కానీ మీరు ఉన్నది విజయవాడలో, వైన్ ఫ్రిజ్ లేదని రాశారు. మరో మే నెల దాన్ని దాటించకండి. సంక్రాంతి లోపు తాగేయండి. రెండు గంటల ముందు జగ్గులోకి పోసి గాలి తగలనివ్వండి. కారం బాగా తగ్గించి, మిరియాలు పట్టించి వండిన మేక మాంసంతో తీసుకోండి. మాంసంలోని ప్రోటీను, కొవ్వు ఆ వగరును చాలావరకు మెత్తబరుస్తాయి. పచ్చిమిర్చి కారం మాత్రం దాన్ని రెట్టింపు చేస్తుంది, అందుకే ఆ రోజుకు గోంగూర మాంసం వద్దు. సమీక్షలు పక్కన పెట్టి, మొదటి గుక్కకు ఏం గుర్తొచ్చిందో తెలుగులో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత వాటితో పోల్చి చూసుకుని, మీ మాట ఏమిటో ఇక్కడ రాస్తే నేను చదవాలని ఎదురుచూస్తుంటాను. నా ఆరో సీసా ఇంకా బోర్డోలో ఒక స్నేహితుడి నేలమాళిగలో ఉంది.